ఇప్పకుండ

కొన్నియేండ్ల క్రిందట చైత్రమాసమున, భద్రాచలమునుండి దుమ్ముగూడెము మీదుగా చర్లకు బోవు దారిలో, అడవి యంచుననున్న యొక కోయగూడెమునకు నేను మఱి యిద్దఱు మిత్రులతో మద్యపాన నిషేధప్రచారమునకై వెళ్లితిని. మా సంచిలో అచ్చువేయించిన ప్రమాణపత్రములు నూఱుండెను. ఇకమీదట సారా కాచను, త్రాగను అని వానిమీద వ్రాసియుండెను. క్రింద వ్రేలిముద్రకు చోటు విడిచితిమి. సంతకము చేయగలవారు అచ్చట నుందురని మాకు తోచనే లేదు. ఆ గూడెమున పదవతరగతి చదివిన యాడపిల్లలే నలుగురుండిరి. ఆ తలపునకు నేడు సిగ్గుపడుచున్నాను.

మా యుపన్యాసములు ముగిసినవి. వాకిట చాపమీద ఇప్పపూలు తిరుగవేయుచున్న యొక ముసలామె అంతవఱకు మాటాడక వినుచుండి, చేతులు దులుపుకొని మమ్మడిగెను: "మా కుండ పగలగొట్టమంటిరి సారూ, బాగనే ఉన్నది. ఆ రోడ్డుమీద కొట్టు ఎవరిది?"

అది ప్రభుత్వమువారి యనుమతితో నడుచునది యని నేను చెప్పితిని.

"అయితే వాళ్ల దగ్గర సంతకం తీసుకొనే వచ్చిన్రా?" అని యామె మఱల నడిగెను.

అందఱును నవ్విరి, మేమును నవ్వితిమి. కాని యా ప్రశ్నకు నేనానాడు జవాబు చెప్పలేదు. ఇన్నాళ్లకు దానిని గూర్చి కొంత యాలోచింప గలిగితిని గనుక ఈ నాలుగుమాటలు వ్రాయుచున్నాను.

మద్యము చెడ్డదా యని యెవరైన నడిగినచో మనలో జవాబునకు కొఱత లేదు. స్మృతులు సురాపానమును మహాపాతకములలో జేర్చినవి. వైద్యులు కాలేయమును జూపి చెప్పుచున్నారు. ఇల్లాండ్రు తమ వీపులను జూపి చెప్పుచున్నారు. ఈ మూడు సాక్ష్యములలో కడపటిదే నాకు బలవత్తరముగా దోచును. అయినను ముసలామె యడిగినది మద్యము చెడ్డదా యని కాదు. ఒకతె తన యింట కాచుకొన్నచో నేరమైనది, వేఱొకడు రుసుము చెల్లించి యమ్మినచో వ్యాపార మెట్లగుచున్నదని యామె ప్రశ్న. దోషము పదార్థమునందున్నదా, దానిని చేయు చేతియందున్నదా, అమ్మి లెక్క వ్రాసికొను పుస్తకమునందున్నదా? ఇది తేల్చుకొనక మనము సంస్కరణమని తలపెట్టు పని, బలహీనుల కుండను పగులగొట్టి బలవంతుని కొట్టునకు బేరము పెంచుటగా పరిణమించును. అట్లు పరిణమించిన చోట్లు మన చరిత్రలో కలవు. వానిని జెప్పుటకు ముందు ఇప్పచెట్టును గూర్చి కొంత చెప్పవలసియున్నది. ఏలయన, దానిని నిషేధింపవలెనని వ్రాయువారిలో పెక్కండ్రు దానిని చూచినవారు గారు.

ఆకులు రాలి కొమ్మలు బోడియైన ఫాల్గుణ చైత్రములలో ఇప్పకు పూత వచ్చును. పువ్వు రాత్రి విచ్చి తెల్లవాఱుజామున రాలును. లేతపసుపు కలిసిన తెలుపువన్నెతో, కండగలిగి, చిన్న గిన్నెవలె నుండును. నోట వేసికొన్నచో మొదట తీపి. వెనుక నొక విచిత్రమైన వాసన చాలసేపు నిలుచును. స్త్రీలును పిల్లలును చీకటి యుండగనే బుట్టలు గొని పోయి యేఱుదురు. ఆలస్యమైనచో పశువులు తినిపోవును. ఒక్కొక్కప్పుడు ఎలుగుబంటియు వంతునకు వచ్చును. రాలిన పువ్వు కనబడుటకై చెట్టుక్రింది యెండుటాకులను ముందుగా కాల్చుదురు. అడవిశాఖవారికిని వీరికిని ఏటేట తగవు వచ్చునది యిచ్చటనే. ఎండబెట్టిన పువ్వులో ఇంచుమించు సగముపాలో అంతకు మించియో చక్కెరయే యుండును. గింజలు నిండుకొన్న దినములలో దానిని ఉడికించి తినుదురు. కాయలోని గింజనుండి నూనె తీయుదురు. 1956లో నేర్పడిన గిరిజన సహకారసంస్థ కొను సరకులలో ఇప్పపువ్వును ఇప్పగింజయు నున్నవి. ఆదిలాబాదు జిల్లా ఉట్నూరులో ఆదివాసి స్త్రీలు సంఘముగా గూడి ఈ పువ్వుతో లడ్డూలు చేసి యమ్ముచున్నారు. కాబట్టి ఇప్పపువ్వనగానే సారాయని తలచుట, వడ్లనగానే గంజి యని తలచుటవంటిది.

సారా కాచు విధము కష్టమైనది గాదు. ఎండుపువ్వును కుండలో నీటితో నానవేసి కొన్నిదినము లుంచగా పొంగి, నురుగుగట్టి, తుదకు అణగును. అణగినపిమ్మట పొయ్యిపై నెక్కించి, ఆవిరి వెలికి బోకుండ అతుకులను గుడ్డతోను మట్టితోను బిగించి, పైన చల్లనినీటి పాత్రను నిలుపుదురు. ఆవిరి చల్లబడి బొట్టుబొట్టుగా దిగును. అది నీటివలె తేటగా నుండును. చూచువానికి అందులో నేమియు లేనట్లే యుండును.

కోయవారికి ప్రతి క్రొత్తఫలమునకును పండుము కలదు. పండుము జరుగనిదే క్రొత్తకాయగాని క్రొత్తగింజగాని నోట బెట్టరు. సారాయైనను కల్లైనను త్రాగుటకు ముందు నాలుగుబొట్లు నేలపై విడిచి పెద్దల పేరు తలచుకొందురు. పెండ్లియందును చావునందును తగవు తీర్చినప్పుడును అది యుండవలెను. ఇదంతయు మూఢాచారమని త్రోసివేయుట సులభము. కాని యిందులో నొక కొలత యిమిడియున్నది. ఎప్పుడు, ఎవరితో, దేనికొఱకు అను మూడు ప్రశ్నలకు జవాబు చెప్పిన తరువాతనే దొప్ప చేతికి వచ్చును. రోడ్డుమీది కొట్టు ఈ మూడింటిలో నొకదానినైన నడుగదు. దాని ప్రశ్న యొక్కటే: ఎంత?

కల్లునకైతే ప్రకృతియే యొక కట్టుబాటు పెట్టినది. తాటికల్లు ప్రొద్దున తియ్యగా నుండును, ఎండ ముదిరిన కొలది పులియును, మఱునాటికి పనికిరాదు. దాచి యమ్ముటకు వీలుపడనిది గనుక చెట్టుక్రిందనే పదిమందికి పంచవలెను. పాపికొండలలోని కొండరెడ్లకు జీలుగుచెట్టు ఇంకను ముఖ్యమైనది. గింజలు లేని వేసవిలో దాని కల్లే యాహారము. కఱవు వచ్చినచో ఆ మానులోని పిండిని దంచుకొని తినుదురు. 1945లో హైమెండార్ఫు ప్రకటించిన గ్రంథము ఈ కొండరెడ్లను గూర్చినదే. ఆకలి తీర్చు చెట్టును మత్తు గలిగించు చెట్టును ఒకటియైనచోట, దానిని పాపపు చెట్టనుట కెవరికి నోరు వచ్చును? సహాయనిరాకరణోద్యమపు దినములలో ఈరోడునందు పెరియారు తన తోటలోని కొబ్బరిచెట్లను వందలుగా నఱికించెనని చెప్పుదురు. ఆ త్యాగబుద్ధిని నేను తక్కువ చేయను. చెట్లు తనవే, నష్టమును తనదే. కాని చెట్టేమి చేసినది? భద్రాచలరాముని మొదట కనుగొన్నదని మనము తలచుకొను పోకల దమ్మక్క యీ యడవిబిడ్డయే. ఆమె నిత్యము స్వామికి నివేదించినది తాటిపండ్లని స్థలపురాణము. ఆ పండును నైవేద్యమని కన్నుల కద్దుకొని, ఆ చెట్టు రసమును మాత్రము పాతకమందుము.

ఈ చిక్కు మన యడవికే చెందినది గాదు. ఐరోపాలో బెల్జియమను చిన్నదేశము కలదు. మన పాత ఖమ్మము, వరంగల్లు జిల్లాలు రెండును గలిపినదానికంటె కొంచెము పెద్దది. అచ్చటివారు బార్లీ మొలకలతో చేయు బీరులలో బంగారువన్నె గల యొక ఘాటైనజాతి లోకప్రసిద్ధి నందినది. సామాన్యపు బీరులో నూటికి 5 పాళ్ల మద్యసార ముండగా ఇందులో 8, 9 పాళ్లుండును. లేతవన్నె మొలకల రసమునకు చక్కెర చేర్చి పులియబెట్టుటచే బలము హెచ్చును గాని చిక్కదనము రాదు. పిమ్మట సీసాలలో నింపి రెండవమాఱు పులియనిత్తురు. పొంగును, తేలికగా దిగును, త్రాగువానికి బలము తెలియదు. బ్రేన్‌డోంకు గ్రామమున 1871లో స్థాపింపబడిన మోర్ట్‌గాట్ వారు మొదటి మహాయుద్ధము ముగిసినపిమ్మట విజయమను నర్థము గల పేరుతో నొక బీరు చేసిరి. దానిని రుచిచూచిన యొక చెప్పులు కుట్టువాడు ఇది నిజముగా దయ్యమే యనెనట. 1923నుండి దానిపేరు దయ్యమే; వారి భాషలో డువెల్. మొదట నల్లగా నుండినది 1970 ప్రాంతమున బంగారువన్నెకు మాఱినది. మన ఇప్పసారా నీటివలె కనబడుటయు, వారి దయ్యము బంగారమువలె కనబడుటయు చూడగా, మద్యము తన వేషమును తానే యెన్నుకొనునేమో యనిపించును.

ఆ దేశపు చట్టము మనకు మిక్కిలి ఉపయోగపడు పాఠము. 1919లో వాండర్‌వెల్డు అను సామ్యవాది మంత్రిగా నుండి, పానశాలలలో బట్టీసారాలు అమ్మకూడదని శాసనము చేయించెను. అంగడిలో కొనదలచినవారు ఒకేమాఱు 2 లీటర్లకు తక్కువ కాకుండ కొనవలెను. కూలివానియొద్ద అంత సొమ్ము కూడదు గదా! ఉద్దేశము మంచిదే: వారపుకూలి యంతయు శనివారము రాత్రి గ్లాసులోనికి పోకుండ చేయుట. ఆ శాసనము అఱువదియేండ్లకు పైగా నిలిచి 1983లో రద్దయ్యెను. దానివలన పానశాలలో సారా తగ్గినమాట నిజమే. కాని బట్టీవారు ఆ ఖాళీని నింపుటకు బీరునే ఘాటు చేసిరని ఆ బీరు చరిత్రలు వ్రాయువారు చెప్పుదురు. చట్టము సారాను వెడలగొట్టి దయ్యమును లోనికి బిలిచినట్లైనది. ఇందుకు నవ్వుకొనుట తగదు. చట్టము వ్యర్థమని నేననుట లేదు. చట్టము దాహమును చంపలేదు, దాని దారి మాత్రము మార్చగలదు. ఏ దారికి మార్చుచున్నామో చూచుకొనవలసిన బాధ్యత శాసనకర్తలది.

అచ్చటి సన్న్యాసుల కథ యింకను విచిత్రము. ఆఱవ శతాబ్దమున బెనెడిక్టు మునివర్యుడు తన మఠనియమావళిలోని 40వ యధ్యాయమున ద్రాక్షరసపు కొలతను నిర్ణయించెను. సన్న్యాసికి మద్యము తగదనియే యాతని మతము. కాని తన కాలపు మునులను ఒప్పింపలేనని యెఱిగి, మితముగానైన త్రాగుడని దినమున కొక చిన్నకొలత పెట్టెను. నిషేధింపలేనిచోట కొలత పెట్టుట యోటమి యనువారుందురు. నాకు మాత్రము అందులో నొక వైద్యుని యోర్పు కనబడుచున్నది. ఆ సంప్రదాయమునకు జెందిన ట్రాపిస్టు మఠములు నేటికిని బీరు చేయుచున్నవి. మఠప్రాకారములోపలనే, సన్న్యాసుల పర్యవేక్షణముననే చేయవలెను, వచ్చినది మఠపోషణమునకును ధర్మకార్యములకును పోవలెను, లాభమునకై చేయరాదు. ఇది వారి నియమము. మంచిదే. అయితే వెస్ట్‌మాల్ మఠమువారు తాము త్రాగుటకు 5 పాళ్లకు లోబడిన పలుచని బీరు చేసికొని, లోకమునకు 9.5 పాళ్ల బంగారుబీరు అమ్ముచు వచ్చిరి. 1934నుండి ఆ పేరుతో నది ప్రసిద్ధము. తమకు పలుచనిది, పరులకు చిక్కనిది! ధర్మాదాయమే కావచ్చును, అయినను ఈ సంగతి చదివినప్పుడు నాకు రోడ్డుమీది కొట్టును, దానిని వేలము వేయు దొరలును జ్ఞప్తికి వచ్చిరి. కల్లుపాటలు నడిపిన యధికారులలో ముంతకల్లైన ముట్టనివారు మనదేశమున నెందఱు లేరు!

మన చరిత్రకు వత్తము. రంపకొండలలో 1879లో చెలరేగిన పితూరీకి ముఖ్యకారణములలో కల్లొకటి. అంతవఱకు కొండవారు తమ చెట్లు తామే గీచుకొని త్రాగుచుండిరి. క్రొత్త ఆబ్కారీ నిబంధనల క్రింద ఇంటివాడుకకు గీచుకొనుటయు నేరమయ్యెను. కల్లు హక్కులు గుత్తదారుల కీయబడెను. మునసబుదారు చిగురుపన్నను పేర పీడింపసాగెను. చెట్టు తనదే, చేయి తనదే, కత్తి తనదే. కల్లునకు మాత్రము పరునికి సొమ్ము కట్టవలెను. ఆ మంట అదే సంవత్సరము నాటి భద్రాచలము తాలూకాలోని రేకపల్లికిని ప్రాకెను. ఆ కొండవారిని త్రాగుబోతులని వ్రాసిన దొరలు, వారి త్రాగుడునుండి పన్ను పిండుటకై నియమములు వ్రాసిన దొరలు, వేఱువేఱు మనుష్యులు గారు. గోదావరి కీవలి నైజాము సీమలోను ఆబ్కారీ గుత్తల కథ యింతకంటె మేలుగా లేదు. ఇంకొక సంగతి కూడ తలపవలెను. 1922లో అదే కొండలలో లేచిన అల్లూరి సీతారామరాజు మొదట చేసినపని, కొండవారిని త్రాగుడు మానుడనియు తగవులను తమ పంచాయతీలలోనే తీర్చుకొనుడనియు బోధించుట. ఆయన మాట వారు వినిరి. నావంటివాని మాట వినలేదు. ఆయన వారి కుండను గూర్చి మాటాడినప్పుడే దొరల కచ్చేరిని గూర్చియు మాటాడెను. ఆ రెండును విడదీయలేదు.

1992లో నెల్లూరు మండలపు దూబగుంటలో అక్షరములు నేర్చిన స్త్రీలు చేసినదియు అట్టిదే. వారు పోరాడినది పొరుగింటి కుండతో కాదు. ఊరిలోని సారాకొట్టుతోను, సర్కారు వేలముపాటతోను. 1993లో సారా నిషేధింపబడెను. 1995లో మద్యమంతయు నిషేధింపబడెను. 1997లో రెండవది సడలింపబడెను. ఆ నడుమ నల్లబెల్లమును పటికయు మైదానములనుండి అడవులలోనికి మూటలుగా నెక్కినవి. గుడుంబా యనునది కోయవాని పూర్వాచారము కాదు. దానికి పండుము లేదు, నేలపై విడుచు బొట్టు లేదు, ఋతువు లేదు. బెల్లము పండ్రెండుమాసములును దొరకును. అయినను సోదాలు జరిగినపుడు గుడుంబాపీపాతోపాటు ఇప్పకుండయు పగులును, రెండింటికి నొకటే కేసు.

ఇంతవఱకు వ్రాసినది చదివి, ఈతడు త్రాగుడునకు వకాల్తా పుచ్చుకొన్నాడని యెవరైన ననవచ్చును. ఆచారమని చెప్పిన నేమి, సహగమనమును ఆచారమే కదా యని గద్దింపవచ్చును. ఆ గద్దింపు న్యాయమైనదే. దానిని తప్పించుకొని పోను. పండుము నాటి దొప్ప వేఱు, ప్రతిరాత్రి దొప్ప వేఱు అని నేనన్నమాట కాగితముమీద చక్కగా నున్నది. గూడెములో ఒకదానిలోనికి మఱియొకటి జాఱిపోవును. తెల్లవాఱుజామున పువ్వేఱినదియు, ఎండబెట్టినదియు, పొయ్యియొద్ద కూర్చుండినదియు స్త్రీయే. రాత్రి దెబ్బలు తినునదియు నొక్కొక్కచోట నామెయే. పువ్వమ్మిన సొమ్ముతో ఆశ్రమపాఠశాలలోని పిల్లకు దుప్పటి కొనదలచి, ఆ పువ్వు కుండలోనికి పోయినదని నాతో చెప్పి కన్నీరు పెట్టుకొన్న తల్లిని నేనెఱుగుదును. ఆమెయెదుట నిలిచి పూర్వాచారపు గొప్పను వర్ణించు ధైర్యము నాకు లేదు. కాబట్టి కుండ నిర్దోషియని నేననను. కుండను గూర్చి తీర్పు చెప్పవలసినది ఆ తల్లి యని మాత్రమందును. నేను గాదు, కొట్టు నడుపువాడు గాదు, కొట్టువలన ఖజానా నింపుకొనువాడు అసలే గాదు. ఒక చేత కొట్టునకు అనుమతిపత్రమును, మఱియొక చేత కుండకు కఱ్ఱను పట్టినవాడు చెప్పు నీతి నీతి యెట్లగును?

ఇది నా యూహమాత్రము గాదు. 1996లో పార్లమెంటు చేసిన శాసనము, అయిదవ షెడ్యూలు ప్రాంతములలో మత్తుపదార్థముల యమ్మకమును వాడుకను నిషేధించుటకో, క్రమపఱచుటకో, తగ్గించుటకో గ్రామసభకును పంచాయతీకిని అధికారము కలుగజేయుమని రాష్ట్రములను ఆదేశించినది. చిల్లర అటవీఫలములపై యాజమాన్యమును గూర్చియు అందే కలదు. అనగా పువ్వును గూర్చియు సారాను గూర్చియు ఒక్కచోటనే, ఆ చెట్టుక్రిందనే, తీర్మానింపవచ్చునన్నమాట. ఆ శాసనము నెఱుగని గూడెములు నేటికిని కలవు. ఎఱిగియు ఎఱుగనట్లుండు కచ్చేరులు అంతకంటె నెక్కువ. ఇంకొకవైపు, 2016లో బెల్జియపు బీరుసంస్కృతిని యునెస్కోవారు మానవజాతి వారసత్వపు పట్టికలో జేర్చిరి. 2021లో మధ్యప్రదేశ ప్రభుత్వమును ఇప్పసారాకు వారసత్వమద్యమను గౌరవ మిత్తుమని ప్రకటించెను. ఇందుకు సంతసించు మిత్రులు నాకు కలరు. నాకు మాత్రము భయమే. కుండనుండి గాజుసీసాకు, సీసానుండి నగరపు విందులకు పోయినపిమ్మట, నేలపై విడుచు నాలుగుబొట్లు ఎవరు విడుతురు? పువ్వేఱిన యామెకు దక్కున దెంత? దోషమని తన్నిన చేయియే వారసత్వమని దువ్వినను, లెక్కపుస్తక మా చేతనే యున్నది.

గడచిన యేడు ఆ గూడెమునకు మఱల పోయితిని. ఈమాఱు ప్రమాణపత్రములు కొనిపోలేదు. మఱ్ఱిచెట్టుక్రింద గ్రామసభ జరుగుచుండెను, ముందువరుసలో స్త్రీలే. నల్లబెల్లము తెచ్చువానిని ఊరిలోనికి రానీయరాదనియు, ఊరిలోని రెండు బెల్టుదుకాణములను మూయవలెననియు తీర్మానించిరి. ఇప్పకుండను గూర్చి గంటసేపు వాదము నడచెను. పండుములకును పెండ్లిండ్లకును తప్ప కాచరాదని కొందఱును, అసలే వద్దని ఇద్దఱు పడుచువాండ్రును పట్టుపట్టిరి. తుదకు మొదటిమాటయే నిలిచినది గాని, ఆ యిద్దఱును ఒప్పుకొనలేదని పుస్తకమున వ్రాయించుకొనిరి. ఆనాడు నన్ను ప్రశ్నించిన ముసలామె వ్రేలిముద్ర వేయుచుండగా, ప్రక్కనే మనుమరాలు తన సంతకము చేసెను.

సభ ముగిసినపిమ్మట నేను రోడ్డుమీది కొట్టును గూర్చి యేమి తీర్మానించితిరని యామె నడిగితిని. ఆమె నన్ను ఊరిచివరకు తీసికొనిపోయి పొలిమేరరాతిని జూపెను. కొట్టు దాని కావల ఇరువదియడుగుల దూరమున నుండెను. తలుపులు బార్లగా తెఱచియుండెను.

"మా రాయి ఇంతవరకే సారూ," అని యామె యనెను. "అవతలిదానికి సంతకం మీరే తేవాలె."